వ్యాపార ప్రచారంలో మీమ్‌లు: మూస అరువు తెచ్చుకోండి, ముఖం కాదు

తెలుగు మీమ్ అనగానే బ్రహ్మానందం ముఖం కళ్ళ ముందు కదలడం సహజం. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పంపుకున్నంత సేపు అది సరదా మాత్రమే. అదే బొమ్మ కింద మీ దుకాణం పేరు, ఫోన్ నంబరు చేరిన మరుక్షణం అది వ్యాపార ప్రకటన అవుతుంది. చిన్న వ్యాపారులు తరచుగా పొరబడేది ఇక్కడే కాబట్టి, మీమ్ ఎలా తయారు చేయాలో చెప్పుకునే ముందు ఏది వాడకూడదో చెప్పుకోవాలి.

సినిమా దృశ్యం మీద హక్కు సాధారణంగా నిర్మాతది గానీ, ఆయన దగ్గర కొనుక్కున్న సంస్థది గానీ అయి ఉంటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శకు, సమీక్షకు, వార్తా కథనానికి కొంత వెసులుబాటు ఇస్తుందే తప్ప, పచ్చడి సీసాలు అమ్ముకోవడానికంటూ ఏ మినహాయింపూ ఇవ్వదు. నటుడి ముఖం మరో చిక్కు. అనిల్ కపూర్ పేరును, గొంతును, రూపాన్ని, చివరికి ఆయనతో ముడిపడిన ఊతపదాన్ని కూడా అనుమతి లేకుండా వాణిజ్యానికి వాడరాదని ఢిల్లీ హైకోర్టు 2023లో ఉత్తర్వు ఇచ్చింది. అభినందనలే కదా, ఎవరు కాదంటారని అనుకోవడానికీ వీల్లేదు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు కాంస్యం గెలిచినప్పుడు, ఆమె బొమ్మ పక్కన తమ లోగో పెట్టి శుభాకాంక్షలు చెప్పిన పలు కంపెనీలకు ఆమె వాణిజ్య వ్యవహారాలు చూసే సంస్థ లీగల్ నోటీసులు పంపింది.

అలాగని మీమ్‌లకు దూరంగా ఉండనక్కరలేదు. ప్రతి మీమ్‌లోనూ ముఖం వెనుక ఒక మూస ఉంటుంది: అనుకున్నది ఒకటి, అయినది మరొకటి, పైకి అన్న మాట, లోపల అనుకున్న మాట, నిన్నటి పొగరు, ఇవాళ్టి అవస్థ. ఈ మూస ఎవరి సొత్తూ కాదు. దాన్ని తీసుకుని, ముఖం మాత్రం మీది పెట్టుకోండి. అమూల్ సంస్థ 1966 నుంచి తన సొంత బొమ్మ అయిన చుక్కల గౌను పాపతోనే సమకాలీన సంఘటనల మీద చమత్కారాలు విసురుతోంది. మీకు అంత పెద్ద చిత్రకారుడు అవసరం లేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే మీరు, ఇష్టపడి ఒప్పుకుంటే మీ పనివారు, అదీ కాకపోతే మీ త్రాసు కూడా పాత్రలే.

ఇక విషయం ఎక్కడ దొరుకుతుందంటే, కొనడానికి వచ్చినవారి నోట దొరుకుతుంది. ఒక వారం పాటు గల్లా దగ్గర చిన్న నోటు పుస్తకం పెట్టి, వచ్చినవారు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఉదాహరణకు పచ్చళ్ళ దుకాణమే తీసుకుందాం. "కారం తక్కువ ఉన్నది ఇవ్వండి" అని అడిగి, రుచి చూశాక కారం ఎక్కువ ఉన్న సీసానే పట్టుకుపోయేవారు రోజూ కనిపిస్తారు. కొడుకు అమెరికా వెళ్తున్నాడంటే 23 కిలోల పెట్టెలో 3 కిలోల బట్టలు, 20 కిలోల పచ్చళ్ళు సర్దే తల్లులూ ఉంటారు. తెరిచిన పెట్టెను, అందులోని సీసాలను మీ ఫోన్‌తోనే ఫొటో తీసి, పైన "బట్టలు అక్కడా దొరుకుతాయిలే!" అని ఒక్క ముక్క రాస్తే చాలు, చూసినవాళ్ళు దాన్ని డాలస్‌లో ఉన్న పిల్లలకు పంపుతారు. వివరణ జోడించిన కొద్దీ నవ్వు చచ్చిపోతుంది.

అక్షరాలు తెలుగు లిపిలోనే ఉండడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును పెద్దవాళ్ళు కూడబలుక్కుని చదివేలోపు బొమ్మ దాటిపోతుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర ఫాంటు మందంగా ఉండి ఫోన్ తెర మీద బాగా కనిపిస్తుంది. యాస విషయంలో మీ ఊరి మాటే రాయండి. వరంగల్ దుకాణం గోదావరి యాసను అనుకరించబోతే అది వెక్కిరింతలా వినిపిస్తుంది.

ట్రెండ్‌ల దగ్గర తొందర అవసరమే గానీ, కనీసం పది నిమిషాలు ఆగి ఆ హ్యాష్‌ట్యాగ్ ఎక్కడ పుట్టిందో వెనక్కి వెళ్ళి చదవండి. 2014లో అమెరికాలో గృహహింసకు గురైన మహిళలు ఆ బంధంలో ఎందుకు ఉండిపోయారో 'వై ఐ స్టేడ్' అనే హ్యాష్‌ట్యాగ్‌తో చెప్పుకుంటుండగా, డిజోర్నో అనే పిజ్జా సంస్థ సంగతి తెలుసుకోకుండా పిజ్జా కోసం ఉండిపోయానని హాస్యమాడి, ఆ తరువాత ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. మరణాలు, ప్రమాదాలు, కులమతాలు, ఎన్నికల జోలికి వెళ్ళకూడదని అందరికీ తెలుసు. మన దగ్గర వాటికి ఇద్దరు హీరోల అభిమానుల గొడవను కూడా చేర్చుకోవాలి, ఎందుకంటే ఆ ఇద్దరి అభిమానులూ మీ దగ్గర పచ్చళ్ళు కొనేవారే.

రీల్ చేస్తే పాట గురించి కూడా జాగ్రత్త పడాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతాలకు ప్రసిద్ధ పాటలు చాలా వరకు అందుబాటులో ఉండవు. అందుకని సొంత ఖాతాలోంచి ఆ పాట పెట్టడం పరిష్కారం కాదు. ఏ ఖాతాలో చేసినా ప్రచారం ప్రచారమే. మీ గొంతుతోనే మాట్లాడండి, లేదా ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే మెటా సంస్థ ఉచితంగా ఇచ్చే సౌండ్ కలెక్షన్‌లోని సంగీతం వాడండి. పేరున్న మీమ్ పేజీకి డబ్బిచ్చి వేయించుకుంటే, అది ప్రకటన అని పోస్టులోనే స్పష్టంగా కనిపించాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో తెచ్చిన మార్గదర్శకాలు చెప్పేది ఇదే.

ఫలితాన్ని లైకులతో కొలవకండి. ఎంతమంది ఇతరులకు పంపారో, ఎంతమంది దాచుకున్నారో చూడండి. అంతకంటే నమ్మకమైన పద్ధతి ఇంకొకటి ఉంది: పోస్టు చివర "ఫోన్ చేసినప్పుడు 'పెట్టె' అనండి, వంద గ్రాముల కరివేపాకు పొడి ఉచితం" అని రాసి, ఆ మాట అన్నవారిని అదే నోటు పుస్తకంలో లెక్కపెట్టండి. వరసగా మూడు పోస్టులకు ఎవరూ ఆ మాట అనకపోతే, మారవలసింది బొమ్మ కాదు, విషయం. మళ్ళీ వారం రోజులు గల్లా దగ్గర కూర్చుని వినండి.