ఒరాకిల్ స్వయంగా నేర్చుకుందాం – 6వ భాగం: ట్రంకేట్ చేస్తే స్టోరేజ్ సెట్టింగులు ఏమవుతాయి?

కిందటి భాగంలో ఎక్స్‌టెంట్లు (టేబుల్‌కు ఒక్కో విడతలో ఇచ్చే వరుస బ్లాకులు), హై వాటర్ మార్క్ (ఇంతవరకు డేటా చేరిన పై హద్దు) చూశాం. టేబుల్‌ను ట్రంకేట్ చేస్తే, అంటే వరుసలన్నీ ఒకే ఆదేశంతో ఖాళీ చేస్తే, ఆ రెండింటికీ, ఇనిషియల్ (మొదట ఇచ్చే స్థలం), నెక్స్ట్ (తర్వాతి ఎక్స్‌టెంట్ సైజు) విలువలకూ ఏమవుతుందో ఈసారి చేసి చూద్దాం. టెస్ట్ డేటాబేస్‌లోనే చేయండి. ట్రంకేట్‌కు రోల్‌బ్యాక్ లేదు.

కర్నూలు మార్కెట్ యార్డుకు వచ్చే ఉల్లి లాట్ల వివరాలు రోజూ ఒక స్టేజింగ్ టేబుల్‌లో దిగి, మెయిన్ టేబుల్‌కు వెళ్లాక అది ఖాళీ అవుతుందనుకుందాం. ఎక్స్‌టెంట్ సైజులను ఒరాకిలే చూసుకునే ఆటోఅలొకేట్ టేబుల్‌స్పేస్‌లో ఇలా తయారు చేయండి:

క్రియేట్ టేబుల్ ఉల్లి_రాక (లాట్ నంబర్(10), వివరం క్యార్(300)) స్టోరేజ్ (ఇనిషియల్ 64ఎం);

ఇన్సర్ట్ ఇంటూ ఉల్లి_రాక సెలెక్ట్ లెవెల్, 'క' ఫ్రమ్ డ్యూయల్ కనెక్ట్ బై లెవెల్ <= 1000000;

కమిట్ చేసి, టేబుల్‌కు ఎంత స్థలం పట్టిందో చూపే యూజర్_సెగ్మెంట్స్‌లో బైట్స్, ఇనిషియల్_ఎక్స్‌టెంట్ చూడండి. బైట్స్ 300 ఎంబీ దాటి ఉంటుంది. ఇప్పుడు వరుసలన్నీ డిలీట్ చేసి కమిట్ చేయండి. బైట్స్ అంతే ఉంటుంది. కౌంట్ అడిగితే సున్నా వస్తుంది కానీ ఆలస్యంగా వస్తుంది. 2009 అక్టోబరు వరద తీశాక కర్నూలు ఇళ్ల గోడల మీద నీటి మరక నిలిచినట్టు, హై వాటర్ మార్క్ పైనే నిలిచిపోయింది. ఫుల్ స్కాన్ ఆ మరక దాకా ఉన్న ఖాళీ బ్లాకులన్నీ చదవాల్సిందే.

ఇక ట్రంకేట్ టేబుల్ ఉల్లి_రాక; అని కొట్టండి. ఏమీ చెప్పకపోతే డ్రాప్ స్టోరేజ్ అనే అర్థం. మార్క్ మొదటికి దిగుతుంది, బైట్స్ 64 ఎంబీకి తగ్గుతుంది. అంతకన్నా ఎందుకు తగ్గలేదు? టేబుల్ పుట్టినప్పుడు ఇనిషియల్, మినెక్స్‌టెంట్స్ (మొదట్లో ఇవ్వాల్సిన కనీస ఎక్స్‌టెంట్ల సంఖ్య) ప్రకారం తీసుకున్న స్థలాన్ని డ్రాప్ స్టోరేజ్ ముట్టుకోదు. పాత ఎక్స్‌పోర్ట్ టూల్‌లో కంప్రెస్=వై డీఫాల్ట్. దానితో తెచ్చిన టేబుళ్లకు అప్పటి మొత్తం సైజంతా ఇనిషియల్‌గా వచ్చేస్తుంది. "ట్రంకేట్ చేసినా స్థలం రాలేదు" అనే ఫిర్యాదు వస్తే మొదట చూడాల్సింది ఇదే.

ఇనిషియల్‌ను నేరుగా ఆల్టర్ చేయబోతే ఒరా-02203 ఎర్రర్ వస్తుంది. దారి ఇది: ఆల్టర్ టేబుల్ ఉల్లి_రాక మూవ్ స్టోరేజ్ (ఇనిషియల్ 64కె); తర్వాత ఇండెక్సుల స్టేటస్ చూసి, అన్‌యూజబుల్ అని ఉంటే రీబిల్డ్ చేయండి. టేబుల్ ఖాళీగా ఉన్నప్పుడే ఈ పని పెట్టుకుంటే క్షణాల్లో అవుతుంది.

నెక్స్ట్ సంగతి కొంచెం మెలికగా ఉంటుంది. డ్రాప్ స్టోరేజ్‌తో ట్రంకేట్ చేస్తే, చివరగా తీసేసిన ఎక్స్‌టెంట్ సైజు నెక్స్ట్‌లో కూర్చుంటుంది. ఎక్స్‌టెంట్ల లెక్క డేటా డిక్షనరీలో ఉండే పాత డిక్షనరీ మేనేజ్డ్ టేబుల్‌స్పేస్‌లో ఇనిషియల్ 1 ఎంబీ, నెక్స్ట్ 1 ఎంబీ, పీసీటీఇంక్రీజ్ (ఒక్కో ఎక్స్‌టెంట్ పెరిగే శాతం) 50 అనుకోండి. ఎక్స్‌టెంట్లు సుమారుగా 1, 1, 1.5, 2.25 ఎంబీలుగా పెరుగుతాయి. ట్రంకేట్ వెనక నుంచి తీసుకుంటూ వస్తుంది కాబట్టి ఆఖరున పోయేది రెండోది, నెక్స్ట్ మళ్లీ 1 ఎంబీ. మధ్యలో ఎవరో ఆలోచించి నెక్స్ట్‌ను 10 ఎంబీ చేసి ఉంటే ఆ మార్పు చెప్పాపెట్టకుండా పోతుంది. అలాంటి డేటాబేస్‌లో ట్రంకేట్ వెంటే ఆల్టర్ టేబుల్ స్టోరేజ్ (నెక్స్ట్ 10ఎం) స్క్రిప్ట్‌లో రాసి పెట్టుకోండి. ఆ లెక్కను టేబుల్‌స్పేస్ తనలోనే ఉంచుకునే లోకల్లీ మేనేజ్డ్‌లో ఈ బెడద లేదు, ఎక్స్‌టెంట్ సైజు టేబుల్‌స్పేసే తేలుస్తుంది.

రీయూజ్ స్టోరేజ్ అంటే మార్క్ దిగుతుంది, ఎక్స్‌టెంట్లు టేబుల్ దగ్గరే ఉంటాయి. రోజూ దాదాపు అంతే డేటా దిగే మన ఉల్లి టేబుల్‌కు మా ఓటు దీనికే. రోజూ స్థలం వదిలి, మళ్లీ అడిగే శ్రమ తప్పుతుంది. ఏడాదికోసారి నింపే టేబుల్‌కు మాత్రం డ్రాప్ మేలు. ఒరాకిల్ 11.2.0.2 వెర్షన్ నుంచి డ్రాప్ ఆల్ స్టోరేజ్ కూడా ఉంది. అది మినెక్స్‌టెంట్స్ స్థలాన్ని కూడా వదిలేస్తుంది.

ట్రంకేట్ వల్ల పీసీటీఫ్రీ (బ్లాకులో ఖాళీగా ఉంచే శాతం), టేబుల్‌స్పేస్, గ్రాంట్లు, ట్రిగ్గర్లు మారవు. పాత స్టాటిస్టిక్స్ కూడా అలాగే ఉంటాయి. ఖాళీ టేబుల్‌కు నమ్_రోస్ పది లక్షలని కనిపిస్తే కంగారు పడకుండా, లోడ్ అయ్యాక మళ్లీ గ్యాదర్ చేయండి.

తరచూ తగిలే అడ్డంకులు: వేరే టేబుల్ ఫారిన్ కీ దీన్ని చూస్తుంటే ఒరా-02266, వేరే సెషన్ కమిట్ చేయకుండా కూర్చుంటే ఒరా-00054. ఇంకొకటి ప్రమాదకరం: ట్రంకేట్ మొదలవుతూనే మీ సెషన్‌లో పెండింగ్‌లో ఉన్న మార్పులన్నిటినీ కమిట్ చేసేస్తుంది. ఆ తర్వాత ట్రంకేట్ ఫెయిలైనా ఆ కమిట్ వెనక్కి రాదు.

వదిలిన స్థలం టేబుల్‌స్పేస్‌కు వెళ్తుంది, సర్వర్ డిస్క్‌కు కాదు. డిస్క్‌లో ఖాళీ కావాలంటే డేటాఫైల్‌ను రీసైజ్ చేయాలి. ఫైల్ చివర్లో ఇంకో టేబుల్ ఎక్స్‌టెంట్ ఉంటే ఒరా-03297 వస్తుంది. ముందు దాన్ని మూవ్ చేయండి.

అభ్యాసం: ఇదే టేబుల్‌ను మళ్లీ నింపి రీయూజ్ స్టోరేజ్‌తో ట్రంకేట్ చేయండి. బైట్స్, కౌంట్‌కు పట్టిన సమయం, యూజర్_ఆబ్జెక్ట్స్‌లో డేటా_ఆబ్జెక్ట్_ఐడి, ఈ మూడూ ముందూ తర్వాతా రాసుకోండి. 7వ భాగంలో పార్టిషన్ల ట్రంకేట్‌కు ఆ అంకెలు కావాలి.