పుంజు మీద పడి పొడుస్తుంటే ఏం చేయాలి
ఒక రెక్క కిందికి దించి, కాళ్లు టకటకలాడిస్తూ పక్కవాటుగా మీ చుట్టూ తిరుగుతోందంటే మీద పడబోతోందన్నమాట. పరుగెత్తొద్దు, తన్నొద్దు; పారిపోతే గెలిచాననుకుంటుంది, తన్నితే ఇంకా రెచ్చిపోతుంది. కదలకుండా నిలబడి బకెట్టో చాటో అడ్డం పెట్టండి, కాస్త తగ్గాక రెండు రెక్కలూ మూసి పట్టుకుని చంకలో పెట్టుకోండి, గింజుకోవడం మానేదాకా వదలొద్దు. రోజూ ఓపిగ్గా ఇలా చేస్తే చాలా పుంజులు దారికొస్తాయి. కర్రతో కొడితే అణుగుతుందనే మాట దయచేసి నమ్మకండి.

మన హైదరాబాద్ ఇళ్లలో పెరడంటే నాలుగడుగుల జాగా, అందులో రెండు పుంజులు వద్దే వద్దు. ఒక్కదానికి 8 నుంచి 10 పెట్టలుంటే మేలు. చిన్నపిల్లల్ని మాత్రం ఒంటరిగా దగ్గరికి పంపకండి, పుంజు కాలి ముల్లు కంట్లో గుచ్చుకోవచ్చు. ఎంతకీ మారకపోతే జాలీ కట్టి విడిగా ఉంచండి, ఆ కోపం దాని కోడిపిల్లలకూ రావచ్చు కాబట్టి దానితో జతకట్టిన పెట్టల గుడ్లు పొదగెయ్యకండి.