పెన్షన్‌కు తోడు పట్టా పని – నాలుగో పాఠం: రకబా గడి

ఒడిశాలో ఉండే రిటైరైన మన తెలుగువాళ్లు ఒడియా భూమి పట్టాలను తెలుగు చేసిపెట్టి నాలుగు రూపాయలు సంపాదించుకోవడానికే ఈ పాఠాలు. ఈసారి రకబా, అంటే విస్తీర్ణం, దాని కొలతలు నేర్చుకుందామని పోయినసారి మాట ఇచ్చాను. నేర్చుకుందాం. కానీ మూడో పాఠం చివర ఇచ్చిన ఒడియా పట్టాను తెలుగు చేసి పంపమన్నప్పుడు మీ నుంచి వచ్చిన కాగితాలు నా బల్ల మీద ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి ముందుకు పోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

పర్లాకిమిడి నుంచి ఒకాయన కిసమ (భూమి రకం) గడిలో ‘శారద’ అని చూసి, ‘శారద పేరిట ఉన్న భూమి’ అని రాశారు. శారద మనిషి పేరు కాదు. శారద వరి పండే భూమి అని అర్థం. మన మాటలో వరిపొలం. ‘శారద ఒకటి’, ‘శారద రెండు’ అంటే తరగతులు. ముందు ‘జలసేచిత’ అని ఉంటే నీటి వసతి ఉన్నదని. ఆ తెలుగు కాగితం విశాఖలో ఉండే వారసుల చేతికి వెళ్లిందనుకోండి. ‘ఈ శారద ఎవరు, మన భూమిలో ఆవిడ వాటా ఎంత’ అని అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చేది.

రాయగడ మేడమ్ గారు ‘ఖజణా’ను ఖజానా చేశారు. ఒడియాలో ఖజణా అంటే ఆ భూమికి కట్టే శిస్తు. మన ఖజానా ప్రభుత్వ ధనాగారం. ‘ఖజానా: 4 రూపాయలు’ అని తెలుగులో రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. గోచరం కూడా అంతే. గోచర అంటే పశువుల మేత భూమి, కంటికి కనబడటం కాదు. ఒడియా, తెలుగు రెండూ సంస్కృతం నుంచీ, పారశీకం నుంచీ మాటలు తెచ్చుకున్నాయి కాబట్టి ఒకలా వినబడే మాట దగ్గరే ఎక్కువ జాగ్రత్త పడాలి. బొత్తిగా తెలియని మాటైతే మీరే ఆగి అడుగుతారు. తెలిసినట్టు కనిపించే మాట దగ్గర ఎవరూ ఆగరు.

బాస (నివాసం) గడిలో ‘నిజిగాఁ’ అని ఉంటే నలుగురు ‘నిజిగాం గ్రామ వాస్తవ్యుడు’ అని రాశారు. అలాంటి ఊరు ఏమీ లేదు. నిజి గాఁ అంటే స్వగ్రామం, ఈ భూమి ఉన్న ఊరే అని. తెలుగులో ‘అదే గ్రామం’ అని రాస్తే చాలు.

ఇక ‘మార్ఫత్’. దేవుడి పేరున ఉన్న భూమికి పూజారి పేరు మార్ఫత్‌గా రాస్తారు, అంటే ‘ద్వారా’. కోరాపుట్ నుంచి వచ్చిన కాగితంలో ఆ పూజారిని యజమానిగా రాశారు. ఇది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. దేవుడి భూమిని కొనేవాడికి, అప్పిచ్చేవాడికి అది దేవుడిదని మొదటి వరసలోనే తెలియాలి. ‘యజమాని: ఫలానా దేవుడు. నిర్వాహకుడు: ఫలానా’ అని విడదీసి రాయండి.

కులం గడిని చాలామంది వదిలేశారు. ‘రాయడానికి మొహమాటం వేసింది’ అని ఒకరు ఉత్తరంలో రాశారు కూడా. ఆ మొహమాటం నాకు అర్థమవుతుంది. కానీ రాయగడ, కోరాపుట్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతమే. అక్కడ ఆదివాసీ భూమి ఆదివాసీ కాని వారికి బదిలీ కాకుండా ఒడిశాలో 1956 నాటి 2వ రెగ్యులేషన్ ఉంది. ఆంధ్ర మన్యంలో ఇలాంటిదే అయిన 1/70 చట్టం గురించి విన్నవారికి సంగతి వెంటనే తెలుస్తుంది. ఆ గడి వదిలేస్తే ఆ భూమిని కొనకూడదన్న సంగతి కొనేవాడి దగ్గర దాచినట్టవుతుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఇప్పుడు రకబా. పట్టాలో ప్లాటు నంబరు, చక (పొలాల గుంపు) పేరు, కిసమ తరువాత రకబా అని మూడు చిన్న గడులుంటాయి: ఏకర, డిసిమిల్, హెక్టర్. పట్టా ఎక్కడ తియ్యాలి, ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఎలా వెతకాలి అన్నది చెప్పను. ఇంట్లో ఎవరో ఒక పిల్లాడు చూపిస్తాడు. ఒడియా అంకెలు కూడా మీకు వచ్చినట్టే లెక్క.

ఎకరాకు 100 డెసిమిళ్లు. మన సెంటు కూడా ఎకరాలో నూరో వంతే. కాబట్టి డెసిమిల్ అంటే సెంటే. పేరు మారింది కానీ నేల మారలేదు. 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. ఇక్కడ కష్టమేమీ లేదు.

డిసిమిల్ గడిలో నాలుగు అంకెలు కనబడితే మాత్రం ఒక్క క్షణం ఆగండి. ఎకరం గడిలో 0, డిసిమిల్ గడిలో 0400 ఉందనుకోండి. అది 400 సెంట్లు కాదు. ఎకరంలో 0.0400 వంతు, అంటే 4 డెసిమిళ్లు. అనుమానం వస్తే పక్క గడి చూడండి. హెక్టర్ గడిలో 0.0162 అని ఉంటుంది. హెక్టారు అంటే 2.471 ఎకరాలు. నేను కాలిక్యులేటర్ తియ్యను. రెండున్నరతో గుణిస్తాను: 0.0405. అందులో నూటికి ఒకటి కన్నా కాస్త ఎక్కువ తీసేస్తాను: 0.0400. సరిపోయింది. హెక్టర్ గడిని చాలామంది వదిలేస్తారు. దాని అసలు ఉపయోగం ఈ సరిచూపే. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. మీరు కాలిక్యులేటర్ వాడినా తప్పు లేదు, సరిచూడటం మాత్రం మానకండి.

సెంట్లను గజాల్లోకి మార్చడానికి నా పద్ధతి ఇది. 48తో గుణించి, సెంటుకు 0.4 చొప్పున కలపండి. 12 సెంట్లు: 576, దానికి 4.8. మొత్తం 580.8 గజాలు.

ఈ పాఠంలో అందరూ పడేది గుంఠ దగ్గర. దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మన వైపు అందరూ సెంటే అంటారు. కానీ కటక్, భువనేశ్వర్ వైపు ఉద్యోగాలు చేసి అక్కడ స్థలం కొనుక్కున్న మన తెలుగువాళ్ల కాగితాల్లో, ముఖ్యంగా పాత చేతిరాత ఒప్పందాల్లో, ఇంటి పంపకాల కాగితాల్లో ‘గుంఠ’ వస్తుంది. ఒడిశాలో ఎకరానికి 25 గుంఠలు. అంటే ఒక గుంఠ 4 డెసిమిళ్లు, 193.6 గజాలు, 1,742.4 చదరపు అడుగులు. తెలంగాణలో కూడా గుంట ఉంది. అక్కడ ఎకరానికి 40. అంటే ఒక గుంట రెండున్నర సెంట్లు, 121 గజాలు, 1,089 చదరపు అడుగులు. మహారాష్ట్రలోనూ 40 గుంఠాలే. సిరొంచ, రాజురా వైపు చదువరులు ఈ పాఠం చదువుతుంటే వాళ్లు తమ లెక్కతో ఒడిశా కాగితం చదవకూడదు.

మాట ఒకటే, నేల వేరు. చెవికి గుంఠ, గుంట మధ్య తేడా కూడా సరిగ్గా వినబడదు. ఫోనులో అయితే అసలు వినబడదు.

ఈ పనికి దిగిన మొదటి ఏడాది ఒక రైల్వే కుటుంబం కాగితాలు నా దగ్గరికి వచ్చాయి. తండ్రి భువనేశ్వర్ శివారులో కొన్న స్థలం. చేతిరాత ఒప్పందంలో 3 గుంఠలు అని ఉంది. నేను తెలుగులో ‘3 గుంటలు’ అని రాసి ఇచ్చాను. అక్షరాలు చూసుకుంటే తప్పు లేదు. కొడుకు వరంగల్‌లో ఉంటాడు. ఆయనకు గుంట అంటే 121 గజాలు. 363 గజాలని లెక్క కట్టి, ఆ లెక్కమీదే ధర మాట్లాడుకుని అడ్వాన్సు తీసుకున్నాడు. అసలు స్థలం 12 డెసిమిళ్లు, 580.8 గజాలు. దాదాపు 218 గజాల తేడా. పట్టా చూశాక బయటపడింది. ఆయన అడ్వాన్సు తిరిగి ఇచ్చి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తప్పు నాది. తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చాను, క్షమాపణ చెప్పాను. ఆయన తన ఊళ్లో పోగొట్టుకున్న మాటను మాత్రం నేను తిరిగి ఇవ్వలేకపోయాను.

అప్పటి నుంచి నా కాగితంలో గుంఠ ఒంటరిగా ఉండదు. ‘3 గుంఠలు (ఒడిశా కొలత, 12 సెంట్లు, 580.8 గజాలు)’ అని మూడూ రాస్తాను. బ్రాకెట్టులో ‘ఒడిశా కొలత’ అన్న రెండు మాటలు వదలకండి. అడిగినవాళ్లు ‘అంత వివరం ఎందుకు, క్లుప్తంగా రాయండి’ అన్నా వదలకండి. పోయినసారి వచ్చిన కాగితాల్లో కూడా ఒకాయన తన మేనల్లుడి స్థలం గురించి ‘సుమారు 2 గుంటలు’ అని రాశారు. సుమారు అన్న మాట మన పనిలో లేదు. ఎక్కడి గుంట అన్నది తేలకుండా ఆ కాగితం ఎవరికీ ఇవ్వకండని ఆయనకు విడిగా ఉత్తరం రాశాను.

అంకెలు ఒకదానికొకటి సరిపోకపోతే ఏం చెయ్యాలి? మీరు దిద్దకండి. డిసిమిల్ ఒకటి చెబుతూ హెక్టర్ ఇంకొకటి చెబితే, రెండూ ఉన్నవి ఉన్నట్టు రాసి, కింద ‘ఈ రెండు అంకెలకు పొంతన లేదు, తహసిల్‌లో విచారించుకోవాలి’ అని రాయండి. కాగితం ఏం చెబుతోందో చెప్పడమే మన పని. హక్కు ఎవరిది, భూమి మంచిదా, కొనవచ్చా అని అడిగితే వకీలు దగ్గరికి పంపండి. దస్తావేజు రాసిపెట్టమంటే కాదని చెప్పండి. అది వేరే వృత్తి. కోర్టులో పెట్టే అనువాదమైతే అది ఏ రూపంలో, ఎవరి సంతకంతో కావాలో ముందు వాళ్ల వకీలునే కనుక్కు రమ్మనండి.

డబ్బు సంగతి చాలామంది అడుగుతున్నారు. నేను ఒక పట్టాకు, అంటే ఒక ఖాతియాన్‌కు 200 రూపాయలు తీసుకుంటాను. ప్లాట్లు ఐదు దాటితే పైన ఒక్కో ప్లాటుకు 20. చేతిరాత ఒప్పందమైతే పేజీకి 300, ఎందుకంటే పాత ఒడియా చేతిరాత చదవడానికి ఒక పూట పడుతుంది. నెలకు పది పన్నెండు వస్తాయి, పెళ్లిళ్ల తరువాత నెలల్లో ఎక్కువ. మా ఇంటి మందుల ఖర్చు దానితో వెళ్లిపోతుంది. అన్నదమ్ముల తగాదాలో ఉన్న కాగితం మాత్రం ఒక పక్షం కోసం చెయ్యను. ఇద్దరూ కలిసి వస్తేనే తీసుకుంటాను. మీరు తీసుకోవాలో వద్దో మీ ఇష్టం, నా అలవాటు చెప్పాను. రాసేది మాత్రం చేత్తోనే, లెడ్జరు కాగితం మీద మూడు గడులు గీసి: ఎడమ ఒడియా మాట తెలుగు అక్షరాల్లో, నడుమ తెలుగు అర్థం, కుడివైపు గమనిక. టైపు చేసి ఇమ్మనేవాళ్లకు ఆ లెడ్జరు ఫొటో తీసి పంపుతాను. గడులు ఉంటే ఏదీ జారిపోదు.

ఈ పనికి గిరాకీ తగ్గదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడ్డాక మన ఊళ్లలో కాగితం క్రమంగా ఒడియా అయింది, ఇంట్లో మాట తెలుగుగానే మిగిలింది. పర్లాకిమిడి ఆడపడుచు పాతపట్నంలో ఉంటుంది, రాయగడ కుర్రాడు పార్వతీపురంలో స్థిరపడతాడు. వాళ్ల పిల్లలు ఒడియా చదవలేరు. తాతగారి భూమి కాగితం చేతిలో పట్టుకుని ఎవరు చదివిపెడతారా అని తిరుగుతారు. వాళ్లకు కావాల్సింది రెండు లిపులూ వచ్చిన, తొందర లేని మనిషి. రిటైరైన మనకు అవి రెండూ ఉన్నాయి.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను.

మీ ఇంటి పట్టాయో, దగ్గరి బంధువులదో ఒకటి తీసుకోండి. మూడు గడుల్లో చేత్తో తెలుగు చెయ్యండి. ఒక రోజు ఆగి, చూడకుండా రెండోసారి రాయండి. రెండూ పక్కపక్కన పెట్టి తేడాలకు ఎర్ర సిరాతో గీత పెట్టండి. తరువాత ఒడియా బొత్తిగా రాని ఒకరికి తెలుగు కాగితం చదివి వినిపించి, నేల ఎంత, ఎవరిది, ఏ రకం అని అడగండి. ఆ మూడింట్లో ఒక్కటి తడబడ్డా మూడోసారి రాయాలి.

ఈ లెక్కలు కూడా చెయ్యండి. ఒకటి: ఎకరం 0, డిసిమిల్ 0750, హెక్టర్ 0.0304. సెంట్లెన్ని, గజాలెన్ని? అదే నేల తెలంగాణ మనిషికి ఎన్ని గుంటలు? రెండు: భువనేశ్వర్ ఒప్పందంలో 5 గుంఠలు. పూర్తి బ్రాకెట్టుతో రాయండి. మూడు: ఎకరం 1, డిసిమిల్ 2300. హెక్టర్ గడి చిరిగిపోయింది. అందులో ఎంత ఉండాలి? నాలుగు: ఎకరం 0, డిసిమిల్ 0850, హెక్టర్ 0.3440. దీన్ని మీ తెలుగు కాగితంలో ఎలా రాస్తారో మాటకు మాట రాసి పంపండి. పోయినసారి వచ్చిన కాగితాలను బట్టి ఈ నాలుగో దానికోసమే నేను ఎదురుచూస్తుంటాను.

వచ్చే పాఠం బిక్రి కబలా, అంటే అమ్మకపు దస్తావేజు. హద్దులు చదవడంతో మొదలుపెడదాం. ఉత్తరం, దక్షిణం ఒడియాలో పొడి అక్షరాలుగా ఎలా రాస్తారో ఈలోగా ఒక పాత కాగితంలో చూసి ఉంచుకోండి.