ఆయుధ పూజకు షట్టర్ దించే ముందు నూనె గుడ్డల విషయంలో జాగ్రత్తలు

బెంగళూరులో పీణ్య, కామాక్షిపాళ్య వంటి చోట్ల వర్క్‌షాపుల వారికి ఆయుధ పూజ ముందు రెండు రోజులూ యంత్రాలు తుడవడంతోనూ, చెక్క బల్లలకు నూనె పట్టించడంతోనూ సరిపోతుంది. పూజ ముగిశాక గుమ్మడికాయ కొట్టి, షట్టర్ దించి, మనవాళ్లలో చాలామంది అనంతపురానికో చిత్తూరుకో బస్సెక్కుతారు. దీపం ఆర్పారా, కర్పూరం పూర్తిగా కాలిపోయిందా అని అందరూ చూస్తారు కానీ, తుడిచిన గుడ్డలను కుక్కి మూలన పడేసిన గోనెసంచిని ఎవరూ పట్టించుకోరు. నిప్పు తగలకుండానే మండగలిగేది ఆ సంచి.

అవిసె నూనె, అంటే మనం పాలిష్ పనికి వాడే లిన్సీడ్ ఆయిల్, నీటిలా ఆవిరై ఆరిపోదు. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఆ కలయికలో వేడి పుడుతుంది. బల్ల మీద పలుచగా పూసినప్పుడు ఆ వేడి ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోతుంది. ముద్దగా చుట్టిన గుడ్డలో బయటికి పోయే దారి లేక లోపలే నిలిచి, పెరిగిన వేడి ఆ చర్యను ఇంకా వేగిరపరచి, కొన్ని గంటల్లోనే గుడ్డ తనంతట తాను రాజుకునే స్థితికి చేరవచ్చు. త్వరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీస్ వంటి లోహ లవణాలు కలిపిన బాయిల్డ్ రకంతో ప్రమాదం మరీ ఎక్కువ.

1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇలాగే అంటుకుంది. చెక్క పని చేసినవారు 22వ అంతస్తులో వదిలివెళ్లిన లిన్సీడ్ గుడ్డల నుంచి పుట్టిన ఆ మంటల్లో ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. అది శనివారం; మన పండుగ సెలవుల్లాగే పని ఆపి వెళ్లిన సమయం.

కాబట్టి వాడిన గుడ్డను వాడిన వెంటనే విప్పి, ఒకదాని మీద ఒకటి పడకుండా, గాలి ఆడే నీడలో తీగ మీదనో సిమెంటు నేల మీదనో పరచాలి. అది అట్టలా బిరుసెక్కాకే చెత్తలో వేయాలి. ఇక్కడే దసరా నాటి వాన అడ్డొస్తుంది: చినుకు పడగానే కుర్రాళ్లు గుడ్డలన్నీ పోగుచేసి లోపలికి తెచ్చి గుట్టగా పడేస్తారు. ఆరబెట్టే వీలు లేని రోజున బిగుతు మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లు నింపి, గుడ్డలు పూర్తిగా మునిగేలా ఉంచి, మూత బిగించి, డబ్బాను గోడకూ చెక్కకూ దూరంగా ఆరుబయట పెట్టాలి. ప్లాస్టిక్ కవరు, అట్టపెట్టె, గోనెసంచి ఇందుకు పనికిరావు.

ఒలికిన నూనె మీద రంపపు పొట్టు చల్లి ఊడ్చే అలవాటు మనకుంది. ఆ పొట్టు కూడా గుడ్డతో సమానమే, దాన్నీ నీటి డబ్బాలోనే వేయాలి.

లేత్ పనివారు వాడే ఇంజన్ ఆయిల్, డీజిల్ అవిసె నూనెలా వాటంతట అవి వేడెక్కవు, కానీ వాటితో తడిసిన కాటన్ వేస్ట్‌కు వెల్డింగ్ రవ్వ ఒక్కటి చాలు. థిన్నర్ గుడ్డలదీ అదే ప్రమాదం. వాటిని మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి ఏ రోజుకారోజు ఖాళీ చేయాలి.

ఒకసారి మా పాలిష్ గదిలో భోజనం తరువాత గుడ్డల కుప్పలో చేయి పెడితే అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా తగిలింది. పొగ లేదు, ఘాటైన కమురు వాసన మాత్రం ఉంది. అలాంటి వాసన వస్తే కుప్పను కెలకకూడదు, గాలి తగిలి ఒక్కసారిగా మండవచ్చు. దగ్గరలో కరెంటు ఆపి, కుప్ప నిండా తడిసేలా నీళ్లు పోయాలి; థిన్నర్ డబ్బాలు పక్కనుంటే గానీ, మంట లేచినా గానీ, అందరినీ బయటికి పంపి 101కు గాని 112కు గాని ఫోన్ చేయాలి.

పూజ రోజున గుడ్డల పని మధ్యాహ్నానికే ముగించి, షట్టర్ దించే ముందు తాళం చెవి పట్టుకున్న మనిషే ప్రతి మూలనూ, బల్లల కిందనూ, పనిబట్టల జేబులనూ ఒకసారి చేత్తో తడిమి చూడాలి.