డ్రయ్యర్ పాఠాలు - 3: గోడ వెనక గొట్టం

కిందటి పాఠంలో ఒక ఇంటిపని ఇచ్చాను. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్‌లో లింట్‌ని, అంటే బట్టల నుంచి రాలే నూగుని, పట్టే లింట్ ఫిల్టర్ తీసి, సింకులో పెట్టి, దాని మీద గ్లాసుడు నీళ్లు పోసి చూడమన్నాను. నీళ్లు జాలీలోంచి వెంటనే జారిపోతే మంచిదే. పళ్లెంలో పోసినట్టు నిలబడిపోయాయంటే మాత్రం డ్రయ్యర్ షీట్లలోని (బట్టలు మెత్తగా ఉండటానికి లోడుతో పాటు వేసే పల్చటి గుడ్డలు) మైనం లాంటి పదార్థం జాలీకి పొరలా పట్టేసిందని అర్థం. పైకి చూస్తే జాలీ శుభ్రంగానే కనబడుతుంది, అందుకే నీళ్లు పోసి చూడమన్నది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది కడగండి. పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టండి. తడి జాలీకి లింట్ ముద్దలా అతుక్కుంటుంది.

ఇవాళ్టి పాఠం డ్రయ్యర్ వెనక నుంచి ఇంటి బయటిదాకా వెళ్లే గొట్టం గురించి. అమెరికాలో మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఇలా గాలిని బయటికి వదిలే డ్రయ్యరే. ఫిల్టర్ దులపడం చాలామందికి అలవాటైన పని. గొట్టం కంటికి కనబడదు కాబట్టి ఇల్లు కొన్న పదేళ్లకి కూడా గుర్తుకు రాదు. ఈ పాఠాలు రాయడం మొదలుపెట్టిందే దీని గురించి చెప్పడానికి.

గాలి ఎటు నుంచి ఎటు పోతుందో ఒకసారి మళ్లీ గుర్తు చేసుకుందాం. డ్రయ్యర్ లాండ్రీ గదిలోని గాలిని లాక్కుని, వేడి చేసి, తిరుగుతున్న డ్రమ్ములోకి వదులుతుంది. ఆ గాలి తడి బట్టల్లోని చెమ్మను పట్టుకుని, ఫిల్టర్ దాటి, గాలిని తోసే ఫ్యాన్ (బ్లోయర్) గుండా గొట్టంలోకి వెళ్లి, గోడ అవతల బయటపడుతుంది. వాషర్ ఎంత గట్టిగా పిండినా నిండు లోడులో రెండు మూడు లీటర్ల నీళ్లు మిగిలే ఉంటాయి. ఆ నీళ్లన్నీ ఆవిరై నాలుగు అంగుళాల గొట్టంలోంచే పోవాలి. దారి ఇరుకైతే చెమ్మ డ్రమ్ములోనే తిరుగుతుంది. బట్టలు తీసి చూస్తే చేతికి వేడిగానే తగులుతాయి, కానీ ఆరి ఉండవు. వేడిగానూ ఉండి, చెమ్మగానూ ఉంటే హీటర్ పనిచేస్తున్నట్టే, గాలే ఆడటం లేదు. ఆ ఒక్క గుర్తు తెలిస్తే మెకానిక్ ఖర్చు చాలాసార్లు తప్పుతుంది.

మేం న్యూజెర్సీలో ఇల్లు కొన్న రెండో ఏడు మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. మా కాలనీలో పెరట్లో తీగ కట్టి బట్టలు ఆరేయకూడదని రూలు ఉంది. అమ్మకి అది మింగుడు పడలేదు. "ఇంత ఎండ పెట్టుకుని పెట్టెలో ఆరబెట్టడమేమిటే" అనేది. అప్పటికే మా తువ్వాళ్లు ఆరడానికి రెండు సార్లు తిప్పాల్సి వచ్చేది. పాత మెషిన్ కదా, అంతే అనుకున్నాను. ఒకరోజు అమ్మ పెరట్లో కరివేపాకు కుండీ జరుపుతూ పిలిచింది. గోడకి ఉన్న డ్రయ్యర్ గొట్టం ప్లాస్టిక్ మూత సగం తెరుచుకుని అలాగే బిగిసిపోయి ఉంది. వేలు పెట్టి లాగితే బూడిద రంగు కంబళి ముక్క లాంటిది ఊడి వచ్చింది, అరచేయంత మందం. మా అందరి బట్టలూ కలిపి నేసినట్టు అందులో పిల్లల ఎర్ర తువ్వాలు దారాలు, నా తల వెంట్రుకలు కూడా కనబడ్డాయి. అమ్మ దాన్ని రెండు వేళ్లతో పింజలా విప్పి చూసి, "ఏమే, ఇది వత్తుల దూది కదే! అగ్గిపుల్ల చూపిస్తే చాలు" అంది.

ఏళ్ల తరబడి దీపానికి వత్తులు చేసిన చెయ్యి అది. పత్తిని పింజ తీస్తేనే వత్తి ఇట్టే అంటుకుంటుందని అమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. లింట్ కూడా అలా పింజ తీసిన పత్తే. దాన్ని హీటర్ పక్కన, వేడిగాలి దారిలో పోగేసి పెట్టుకుంటున్నాం. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008 నుంచి 2010 వరకు వేసిన లెక్క ప్రకారం ఇళ్లలో డ్రయ్యర్ల వల్ల ఏడాదికి సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయి, సగటున ఏడాదికి 5 మంది చనిపోయారు, 100 మంది గాయపడ్డారు. కారణాల్లో అన్నిటికంటే ముందున్నది శుభ్రం చేయకపోవడం, 34 శాతం. మన చేతిలో ఉన్న పని చేయక జరిగిన నష్టం అది. నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల అందుకే.

ఇక పనిలోకి దిగుదాం. ముందు బయటికి వెళ్లండి. డ్రయ్యర్ ఆన్ చేసి, ఇంటి గోడకి మూత ఎక్కడుందో వెతికి పట్టుకోండి. గాలి గట్టిగా కొడుతూ మూతకున్న రెక్కలు బాగా తెరుచుకోవాలి, ఆఫ్ చేయగానే మూసుకోవాలి. రెక్కలు కొద్దిగా మాత్రమే వణుకుతుంటే గొట్టం మూసుకుపోతోందన్నమాట. కొంతమంది పిట్టలు దూరకుండా సన్నని జాలీ బిగిస్తారు. ఉద్దేశం మంచిదే అయినా లింట్ మొట్టమొదట పట్టేది ఆ జాలీకే. డ్రయ్యర్ గొట్టం చివర జాలీ ఉండకూడదని బిల్డింగ్ కోడ్‌లోనే ఉంది. ఉంటే తీసేసి, తనంతట తాను మూసుకునే రెక్కలున్న మూత పెట్టించండి. వసంతంలో గడ్డిపోచలు కనబడ్డాయంటే లోపల గూడు ఉండొచ్చు, అదీ చూడండి.

తర్వాత లోపలికి రండి. ఎలక్ట్రిక్ డ్రయ్యర్ అయితే వెనక ఉండే పెద్ద 240 వోల్టుల ప్లగ్ తీసేయాలి. చెయ్యి అందకపోతే ముందు బ్రేకర్ ఆఫ్ చేసి, మెషిన్ జరిపాక ప్లగ్ తీయండి. గ్యాస్ డ్రయ్యర్ అయితే నా సలహా ఒకటే: దాన్ని జరిపే పని లైసెన్సున్న మనిషికి అప్పజెప్పండి. వెనక ఉన్న గ్యాస్ పైపు మడత పడితే, జాయింటు వదులైతే మనకి తెలియదు. పైగా గ్యాస్ మంట నుంచి వచ్చే పొగ కూడా ఇదే గొట్టంలోంచి బయటికి పోవాలి. గొట్టం మూసుకుంటే ప్రాణం తీసే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. గ్యాస్ డ్రయ్యర్ ఉన్న ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా ఉండాలి.

ఎలక్ట్రిక్ డ్రయ్యర్ జరపడానికి ఇద్దరు ఉంటే మేలు. మెషిన్ ముందు కాళ్ల కింద పాత దుప్పటి మడిచి దూర్చి లాగితే నేల మీద గీతలు పడవు. ఒక్కసారిగా లాగకండి, గొట్టం చిరిగిపోతుంది. మనిషి దూరేంత సందు రాగానే స్క్రూడ్రైవర్‌తో క్లాంపు (గొట్టాన్ని బిగించి పట్టే రింగు) వదులు చేసి గొట్టాన్ని ఊడదీయండి. ఫోన్ టార్చి వేసి గోడలోపలికి చూడండి. మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. టెన్షన్ పడకండి, అది తీయగలిగిందే.

గొట్టం ఏ రకమో ఇప్పుడే చూసుకోండి. తెల్లటి ప్లాస్టిక్‌ది, లేదా చేత్తో నొక్కితే చాక్లెట్ కాగితంలా నలిగే పల్చటి ఫాయిల్‌ది అయితే శుభ్రం చేయడం కూడా దండగ, పారేయండి. వాటి ముడతల్లో లింట్ చిక్కుకుంటుంది, నిప్పు పుడితే అవి ఆపలేవు. గోడ దాకా కాస్త గట్టిగా, వంచిన చోట నిలబడే అల్యూమినియం గొట్టం, గోడలోపల నున్నటి రేకు గొట్టం ఉండాలి.

పొడవు లెక్క కూడా ఒకటుంది. అమెరికాలో చాలాచోట్ల ఇళ్లు కట్టడానికి పాటించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం మామూలుగా ఈ గొట్టం 35 అడుగులు మించకూడదు. మామూలు నాలుగు అంగుళాల మోచేయి వంపు తొంభై డిగ్రీలు తిరిగిన ప్రతిచోటా ఐదు అడుగులు తగ్గించుకోవాలి. మా ఇంట్లో గొట్టం 22 అడుగులు, వంపులు రెండు. 22కి 10 కలిపితే 32, అంటే అంచున ఉన్నాం. ఇంటి మధ్యలో, పై అంతస్తులో లాండ్రీ గది పెట్టిన ఇళ్లలో వంపులు మూడు నాలుగు కూడా ఉంటాయి. అలాంటి ఇళ్లలో గొట్టం ఏడాదికి ఒకసారి శుభ్రం చేస్తే సరిపోదు, ఆరు నెలలకోసారి చేయాలి. డ్రయ్యర్ మాన్యువల్‌లో వేరే లెక్క ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి.

శుభ్రం చేయడానికి ఒకదానికొకటి మరతో బిగించుకునే పొడవాటి పుల్లలు, చివర గుండ్రటి బ్రష్ ఉన్న సెట్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. డ్రిల్లుకి తగిలించి తిప్పుతూ మెల్లగా లోపలికి తోయాలి. ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోండి: డ్రిల్లు గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి, బయటికి లాగేటప్పుడు కూడా. రివర్స్‌లో తిప్పితే పుల్లల మరలు విడిపోయి బ్రష్ గోడలోనే ఉండిపోతుంది. రెండేసి అడుగులు తోయడం, వెనక్కి లాగి బ్రష్ దులపడం, మళ్లీ తోయడం. తొందరపడి ఒకేసారి చివరిదాకా తోస్తే లింట్ అంతా వంపు దగ్గర బిరడాలా బిగుసుకుంటుంది. చివర్లో వాక్యూమ్ పెట్టి రెండు వైపుల నుంచీ లాగేయండి. డ్రయ్యర్ వెనక నేల మీద పేరుకున్న దుమ్ము కూడా ఎత్తేయండి.

తిరిగి బిగించేటప్పుడు జాయింట్లకి బూడిద రంగు గుడ్డ టేపు వేయకండి. పేరు డక్ట్ టేపే అయినా ఈ వేడికి జిగురు ఎండి ఊడిపోతుంది. దీనికి అల్యూమినియం ఫాయిల్ టేపు వాడాలి. గొట్టం లోపలికి పొడుచుకొచ్చే పొడవాటి స్క్రూలు కూడా వద్దు, వాటి మొనలకి లింట్ వేలాడుతుంది. ఇంత పనీ చేసి చాలామంది చివర్లో చేసే పొరపాటు ఏమిటంటే, మెషిన్‌ని గోడకి ఆనేదాకా నెట్టేయడం. వెనక గొట్టం నలిగి చపాతీలా అణిగిపోతుంది. నేనూ మొదటిసారి అదే చేశాను. సగం నెట్టాక పైనుంచి టార్చి వేసి చూసి, గొట్టం గుండ్రంగానే ఉందని నిర్ధారించుకుని, అక్కడే ఆపండి. అద్దె అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లు గోడలో గొట్టం జోలికి పోకండి. బయటి మూత ఫోటో తీసి, లోడు ఆరడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో రాసి, ఓనర్‌కి లిఖితపూర్వకంగా పంపండి.

గొట్టంతో సంబంధం లేకపోయినా మన ఇళ్లకి చెప్పి తీరాల్సింది ఒకటుంది. పండగ రోజు గారెలు, బూరెలు వండాక నూనె తుడిచిన గుడ్డలు, తలంటు పోసుకున్నప్పుడు నువ్వుల నూనె పట్టిన తువ్వాళ్లు డ్రయ్యర్‌లో వేయకండి. వాషర్‌లో ఉతికినా నూనె పూర్తిగా పోదు. వేడికి ఆ మిగిలిన నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ తనే వేడిని పుట్టిస్తుంది. తీసి వెచ్చగా ఉండగానే కుప్పగా పడేస్తే ఆ వేడి బయటికి పోలేక పెరిగి పెరిగి, గంటల తర్వాత కూడా అంటుకోవచ్చు. వాటిని దండెం మీద విడివిడిగా ఆరేయండి, ఇంట్లో మడత స్టాండు మీద అయినా సరే. డ్రయ్యర్ చివర్లో చల్లబరిచే పది నిమిషాలు కూడా ఇందుకే. మధ్యలో ఆపేసి బట్టలు అందులోనే వదిలేయొద్దు. ఆన్ చేసి నిద్రపోవడం, బయటికి వెళ్లడం కూడా వద్దు.

ఈ వారం ఇంటిపని. గొట్టం ముట్టుకోకముందే నాలుగు తువ్వాళ్లు ఉతికి, ఆటోమేటిక్ కాకుండా టైమ్ పెట్టి ఆరబెట్టే సెట్టింగ్‌లో వేసి, ఎన్ని నిమిషాలకి ఆరాయో రాసుకోండి. శుభ్రం చేశాక అవే నాలుగు తువ్వాళ్లు, అదే సెట్టింగ్. మా ఇంట్లో 95 నిమిషాలు పట్టింది 50కి వచ్చింది. ఆ కాగితం డ్రయ్యర్ పక్క గోడకి అంటించాను, తారీఖుతో సహా. మళ్లీ ఎప్పుడు శుభ్రం చేయాలో అదే చెబుతుంది.

గొట్టం ఖాళీగా ఉన్నా బట్టలు సగం తడిగా ఉండగానే మెషిన్ ఆగిపోతోందా? డ్రమ్ము లోపల, ఫిల్టర్ దగ్గర రెండు సన్నటి లోహపు పట్టీలు ఉంటాయి. వాటిని ఇప్పుడే గీకేయకండి. దూది, కొంచెం రబ్బింగ్ ఆల్కహాల్ దగ్గర పెట్టుకోండి, నాలుగో పాఠం అక్కడ మొదలుపెడదాం.