పాత ఇంటి మీద అంతస్తు వేయించాలా? కంపెనీని ఇలా చూసుకోండి

మా ఇల్లు ఉప్పల్ దగ్గర, 200 గజాల్లో ఉంది. మామయ్యగారు 1998లో కట్టించారు. పైన రేపెప్పుడైనా వేసుకుంటారని పిల్లర్ల మీద చువ్వలు వదిలేశారు. ఆ చువ్వలు చూసి "ఇంకేం మేడమ్, నెలలో స్లాబు వేసేద్దాం" అన్న కంపెనీవాళ్లకి టీ ఇచ్చి పంపించేశాను. ఇన్నేళ్లు వానలో తుప్పు పట్టిన చువ్వని నమ్మి రెండో అంతస్తు బరువు ఎలా పెడతాం?

డిజైన్, నిర్మాణం రెండూ ఒకరే చేసే కంపెనీలు ముందు ఫోన్‌లో త్రీడీ ఎలివేషన్ చూపిస్తాయి. బాగుంటుంది, చూడండి. కానీ అడగాల్సింది పునాది గురించి. పిల్లర్ పక్కన గుంత తీసి ఫుటింగ్ (పిల్లర్ కింది పునాది దిమ్మె) ఎంత లోతుంది, ఎంత వెడల్పుంది చూస్తారా? పాత కాంక్రీటుకి రీబౌండ్ హామర్ టెస్ట్ (సుత్తి లాంటి పరికరంతో కొట్టి గట్టిదనం చూడటం), అనుమానం ఉన్నచోట కోర్ టెస్ట్ (చిన్న ముక్క తొలిచి తీసి పరీక్షించడం) చేయిస్తారా? పిల్లర్ చాలకపోతే జాకెటింగ్ (చుట్టూ కొత్త చువ్వలు, కాంక్రీటు వేసి బలపరచడం) ఖర్చు ఎవరిది? రిపోర్టు మీద స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం ఉండాలి. కంపెనీ ఓనర్ "నాదీ గ్యారంటీ" అంటే దానికి విలువ లేదు.

ఇంకో ప్రశ్న. నేను దీంతోనే సగంమందిని వడకట్టేశాను. కొత్త స్లాబు గట్టిపడేదాకా దాన్ని మోసే సెంట్రింగ్ కర్రలు పాత స్లాబు మీదే నిలబడతాయి. 5 అంగుళాల స్లాబు చదరపు అడుగుకి దాదాపు 30 కిలోలు, సెంట్రింగ్, మనుషులు అదనం. "కింద మా హాల్లో కూడా సపోర్టు పెడతారా?" అని అడగండి. తెలిసినవాడు లెక్క చూసి చెప్తానంటాడు, తెలియనివాడు నవ్వేస్తాడు. గోడలకి ఎర్ర ఇటుక బదులు ఏఏసీ బ్లాకులు (గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు) వాడితే బరువు బాగా తగ్గుతుందని వాళ్లంతట వాళ్లు చెప్తే ఇంకా మంచిది.

గీసేది, కట్టేది ఒకరే అయితే తప్పు పట్టేవాళ్లు ఉండరు. అందుకని బయటి ఇంజనీర్‌ని విడిగా మాట్లాడుకున్నాం. డ్రాయింగ్ ఒకసారి చూస్తారు, కాంక్రీటు పోసేముందు వచ్చి చువ్వలు లెక్కపెడతారు. ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

ఎస్‌ఎఫ్‌టీ రేటు (చదరపు అడుగు ధర) విని మురిసిపోకండి. బాల్కనీ, మెట్లు, సజ్జ ఎంత లెక్కలోకి వస్తాయో రాయించుకోండి. బాల్కనీని ఒకరు సగమే లెక్కేస్తే, ఇంకొకరు పూర్తిగా లెక్కేస్తారు. పాత పిట్టగోడ కొట్టడం, శిథిలాలు ఎత్తడం, వాటర్ ట్యాంకు జరపడం, జీఎస్టీ 18 శాతం - ఇవి కొటేషన్‌లో ఉన్నాయా? మాకొచ్చిన వాటిలో అన్నిటికంటే చవకైన దాంట్లో ఇవేవీ లేవు.

పర్మిషన్ "మేం చూసుకుంటాం" అంటారు. తెలంగాణలో 2020 బీపాస్ (భవన అనుమతుల) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు ఉంటే స్వీయ ధ్రువీకరణతో అనుమతి వస్తుంది. ఆ ధ్రువీకరణ ఇచ్చేది ఓనరే, రేపు తేడా వస్తే అడిగేదీ మననే. కింది ఇల్లు అసలు పాత ప్లాన్ ప్రకారం ఉందో లేదో ముందే కొలిపించండి.

వాళ్లు కట్టిన ఇళ్లు చూడాలంటే, నడుస్తున్న సైటు కాదు, రెండు వర్షాకాలాలు చూసిన ఇంటికి వెళ్లండి. పని జరుగుతున్నప్పుడు కింద కాపురం ఉన్న ఇల్లాలితో మాట్లాడండి. దుమ్ము, నీళ్లు, క్యూరింగ్ (కాంక్రీటుని రోజూ తడపడం) చేశారా మానేశారా, అన్నీ ఆవిడకే తెలుసు.

డబ్బు తేదీల ప్రకారం కాదు, పని దశల ప్రకారం ఇవ్వండి. పాతదీ కొత్తదీ కలిసే చోటే ముందు కారుతుంది కాబట్టి, చివరి 5 శాతం ఒక వర్షాకాలం గడిచాకే ఇస్తామని అగ్రిమెంట్‌లో పెట్టించండి. బేరం ఆడితే 3 శాతానికి దిగొచ్చు, అసలు వద్దంటే మాత్రం ఇంకో కంపెనీని చూసుకోండి.