తుపాకులు కొంటూ, మారుస్తూ పోయే అలవాటును అదుపులో పెట్టుకోవడం ఎలా

అమెరికాలో స్థిరపడి, చట్టప్రకారం ఒక పిస్టల్ కొనుక్కుని, వారాంతాల్లో షూటింగ్ రేంజికి వెళ్ళి కాల్చడం సరదాగా మొదలుపెట్టినవారికి కొన్నాళ్ళకు ఒక విచిత్రమైన స్థితి ఎదురుకావచ్చు. కాల్చడం తగ్గుతుంది, కొనడం పెరుగుతుంది. మొదటి పిస్టల్ ఇచ్చి రెండోది, రెండోదానికి కొంత డబ్బు కలిపి రైఫిల్, ఆ రైఫిల్ అమ్మి ఓ పాతకాలపు రివాల్వర్, ఇలా చేతులు మారుతూ పోతాయి తప్ప ఏ ఒక్కటీ మన చేతికి అలవాటు కాదు. కొత్త వింత, పాత రోత అని మనవాళ్ళు అన్నది ఇలాంటివారిని చూసే అయివుంటుంది. ఆ స్థితిలో ఉండి బయటపడాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. నేను నాలుగేళ్ళపాటు అందులోనే తిరిగాను కాబట్టి, ఈ సలహాల్లో సగం నా పొరపాట్లలోంచి పుట్టినవే.

ముందుగా తేల్చుకోవలసింది, మిమ్మల్ని లాగుతున్నది తుపాకీయా, బేరమా అన్నది. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇటీవల కొన్న మూడింటిని తలచుకుని, ఒక్కొక్కదాని విషయంలో మీకు అన్నిటికంటే ఎక్కువ సంతోషం కలిగిన ఘడియ ఏదో గుర్తుకు తెచ్చుకోండి. అది రేంజిలో తూటా గురి తప్పకుండా తగిలిన ఘడియ అయితే మీ సమస్య చిన్నది. అలా కాక, వాడిన తుపాకుల ప్రకటనలు తిరగేస్తుండగా ఎవరో తక్కువ ధరకు పెట్టినది కంటపడిన ఘడియ, లేదా అమ్మేవాడు "సరే, ఆ ధరకే తీసుకోండి" అన్న ఘడియ అయితే, మీరు కొంటున్నది ఇనుము కాదు, వేట. నా విషయంలో మూడింటికి మూడూ రెండో రకమే. పెట్టె ఇంటికి వచ్చి, తుడిచి, ఒకసారి కాల్చి సేఫులో పెట్టేసరికి సరదా అంతా అయిపోయేది, ఆ రాత్రే మళ్ళీ ప్రకటనలు తెరిచేవాణ్ణి. ప్రతిసారీ దొరకకుండా, ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడు మాత్రమే దొరికే ఫలితం అలవాటును ఎంత మొండిగా నిలబెడుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల్లో చూపించాడు. జూద యంత్రాలు పనిచేసేదీ ఆ సూత్రం మీదే, వాడిన తుపాకుల ప్రకటనల జాబితా పనిచేసేదీ దాదాపు అలాగే. అందుచేత "ఇక మీద కొనను" అని ఒట్టు పెట్టుకోవడం వల్ల పెద్దగా ఫలితం ఉండదు. వెతకడం ఆగనంత వరకు కొనడం ఆగదు, వెతుకుతూనే కొనకుండా ఉంటానన్నది ఆరంభశూరత్వమే.

కాబట్టి మొదటి పని వెతుకులాటకు దారులు మూయడం. దుకాణాలు పంపే తగ్గింపు ధరల ఈమెయిళ్ళన్నిటినీ ఒకే రోజు కూర్చుని ఆపించండి, ఫోనులోంచి వేలం యాప్‌లను తీసేయండి, బ్రౌజరులో దాచిపెట్టిన కార్డు నంబరును చెరిపేయండి. మీకు ఏ వేళలో చేయి దురద పుడుతుందో ఒక వారం పాటు గమనించండి. నాకు రాత్రి పది తరువాత, పిల్లలు పడుకున్నాక పుట్టేది. ఫోనును ఆ వేళకు వంటింట్లో ఛార్జింగుకు పెట్టి గదిలోకి వెళ్ళడం మొదలుపెట్టాకే తేడా కనిపించింది. చెప్పడానికి సిగ్గుపడేంత చిన్న ఉపాయం, కాని మిగతావాటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. గన్ షోలకు (తుపాకుల సంతలకు) ఓ ఆరు నెలలు వెళ్ళకపోవడమే మేలు. తప్పక వెళ్ళాలంటే, మార్చుకోవడానికి వెంట ఏ తుపాకీ తీసుకుపోకుండా, ప్రవేశ రుసుముకు సరిపడా నగదుతోనే వెళ్ళండి.

రెండో పని పద్దు పుస్తకం. ఒక్కో తుపాకీకి ఒక్కో పేజీ పెట్టి, మోడల్, సీరియల్ నంబరు, కొన్న తేదీ, ఎవరి దగ్గర కొన్నదీ, పన్నుతో సహా ఎంతయిందీ, పేరు మార్పిడికి డీలరుకిచ్చిన ట్రాన్స్‌ఫర్ ఫీజు, దానికోసం కొన్న హోల్‌స్టర్లు (ఒరలు), మ్యాగజీన్లు (తూటాలు నింపే పెట్టెలు), ఆప్టిక్ (గురి చూసే అద్దం), దానితో కాల్చిన తూటాల సంఖ్య, చివరికి అమ్మిన తేదీ, వచ్చిన సొమ్ము, ఇవన్నీ రాయాలి. సీరియల్ నంబర్లు రాసిపెట్టుకోవడం దొంగతనం జరిగినప్పుడు పోలీసులకు చెప్పడానికి ఎలాగూ అవసరమే. అయితే ఈ పుస్తకం అసలు ప్రయోజనం వేరు. మార్పిడిలో నష్టం కంటికి కనబడదు, కాగితం మీద పెడితేనే కనబడుతుంది.

నా పుస్తకంలోని ఒక గొలుసును ఉన్నదున్నట్టుగా ఇక్కడ పెడుతున్నాను. మొదటి పిస్టల్‌కు పన్నుతో 595 డాలర్లు, రెండు అదనపు మ్యాగజీన్లకు 60, హోల్‌స్టర్‌కు 70, వెరసి 725. ఐదు నెలల తరువాత దుకాణంవారు దానికి 330 కట్టారు. పన్నుతో 800 అయిన రెండో పిస్టల్‌కు నేను జేబులోంచి 470 వేశాను. పాత హోల్‌స్టర్ దానికి పట్టలేదు, కొత్తది 80. దానిమీద రెడ్ డాట్ ఆప్టిక్, 300. ఏనుగును కొన్నవాడు అంకుశం కొనక మానడు కదా. మరో ఆరు నెలలకు ఆప్టిక్‌తో సహా దానికి 480 పలికింది, 220 కలిపి 700 డాలర్ల రైఫిల్ తెచ్చుకున్నాను. ఆ రోజు దుకాణంలోంచి బయటికి వస్తూ "220కే రైఫిల్ వచ్చింది" అని మురిసిపోయిన సంగతి నాకు బాగా గుర్తు. నిజానికి ఆ రైఫిల్ కోసం నా జేబులోంచి పోయింది 1,795 డాలర్లు, అంటే 1,095 డాలర్లు గాలికి పోయాయి. ఇందులో తూటాల ఖర్చు కలపలేదు. పోనీ అవైనా ఎక్కువ కాల్చానా అంటే, రెండు పిస్టళ్ళతో కలిపి మూడు వందల యాభై రౌండ్లు దాటలేదు.

ఈ లెక్క చూశాక చాలామంది "ఒకటి వస్తే ఒకటి పోవాలి" అన్న నియమం పెట్టుకుంటారు. సేఫు నిండిపోవడమే మీ సమస్య అయితే ఆ నియమం మంచిదే. మార్చడమే జబ్బు అయినవారికి మాత్రం అది మందు కాదు, చీటీ రాసి ఇచ్చిన అనుమతి. దానికి బదులు అమ్మకాన్నీ కొనుగోలునూ విడదీయండి. దుకాణంలో మార్పిడి అనే మాటే వద్దు. అమ్మదలచుకుంటే అమ్మండి, ఆ సొమ్మును పొదుపు ఖాతాలో వేయండి, తరువాత అరవై రోజులు ఏదీ కొనకండి. అమ్మితే వెంటనే కొత్తది రాదని తెలిసినప్పుడు, అమ్మాలన్న తొందర కూడా దానంతటదే తగ్గడం గమనిస్తారు.

కొనాలనిపించినప్పుడు ఆగవలసిన గడువు కూడా ఒకటి ఉండాలి. కాలిఫోర్నియాలో కొన్న తుపాకీ చేతికి రావడానికి 10 రోజులు ఆగాలన్నది రాష్ట్ర చట్టం. కాని ఆ నిరీక్షణ డబ్బు కట్టాక మొదలవుతుంది కాబట్టి, మన జబ్బుకు అది పనికిరాదు, ఎదురుచూపు సరదాను పెంచుతుంది కూడా. మనం పెట్టుకునే గడువు డబ్బు కట్టకముందు ఉండాలి, ముప్పై రోజులకు తగ్గకూడదు. ఒక కాగితం మీద తేదీ వేసి, అది ఎందుకు కావాలో, ఇంట్లో ఉన్నవాటిలో ఆ పనికి దగ్గరగా వచ్చేది ఏదో, దానితో ఈ ఏడాది ఎన్ని రౌండ్లు కాల్చారో రాసి సేఫు తలుపుకు లోపలివైపు అంటించండి. ముప్పై రోజుల తరువాత ఆ కాగితం చదివితే, రాసినవాడు ఎవరో వేరే మనిషి అనిపించడం మామూలే. ఈలోగా ఆ ధరకు పోయిందని బాధపడనక్కరలేదు. వేలల్లో తయారయ్యే మోడల్ ఏదీ చివరిది కాదు, "ఇలాంటిది మళ్ళీ దొరకదు" అన్నది అమ్మేవారి మాట.

ఆ డబ్బునూ ఆ ఉత్సాహాన్నీ ఎటైనా మళ్ళించాలి, ఊరికే అణచిపెడితే మళ్ళీ తలెత్తుతాయి. కొత్త తుపాకీకి పోయే డబ్బులో సగంతో మంచి శిక్షకుడి దగ్గర ఒక రోజు తరగతి, కొన్ని వందల రౌండ్ల తూటాలు వస్తాయి. ఇంట్లో డ్రై ఫైర్ సాధనకైతే, అంటే తూటా లేకుండా ట్రిగ్గరు నొక్కే సాధనకైతే, ఖర్చే లేదు. తూటాలన్నిటినీ వేరే గదిలో పెట్టి, ఛాంబరు (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకుని, సురక్షితమైన దిక్కుకు గురిపెట్టి, ముందు సైటు దగ్గర స్లైడు మీద ఒక పెన్నీని పడుకోబెట్టి ట్రిగ్గరు నొక్కండి. నాణెం కదలకుండా వరసగా పదిసార్లు నొక్కగలగడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ ప్రకటనల ఊసే రాలేదు. చిన్న తూటాలు వాడే .22 రిమ్‌ఫైర్ తుపాకుల్లో కొన్ని ఖాళీగా నొక్కితే పాడవుతాయి, కాబట్టి ముందు తయారీదారు పుస్తకం చూసుకోండి.

గడియారాలు, కెమెరాలు మార్చే అలవాటుకు లేని చిక్కు ఒకటి దీనికి ఉంది. లాభమే ప్రధానంగా, పదే పదే కొని అమ్మేవారికి ఫెడరల్ లైసెన్సు ఉండాలి. 2022లో చట్టం మారినప్పుడు, జీవనోపాధే కానక్కరలేదు, ప్రధాన ఉద్దేశం లాభమైతే చాలునని నిర్వచనాన్ని విస్తరించారు. సొంత సేకరణ కోసం అప్పుడప్పుడు కొని అమ్ముకోవడం ఇందులోకి రాదు, కాని "తక్కువకు దొరికింది, నాలుగు డబ్బులకు అమ్మేద్దాం" అనే ధోరణి ఆ గీతకు దగ్గరగా తీసుకుపోతుంది. వేరే రాష్ట్రంలో ఉండే వ్యక్తికి నేరుగా అమ్మడం కుదరదు, లైసెన్సున్న డీలరు ద్వారానే సాగాలి. సొంత రాష్ట్రంలో కూడా కాలిఫోర్నియా, కొలరాడో వంటిచోట్ల ప్రైవేటు అమ్మకాలకూ బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి. మనవాళ్ళ మధ్య మరో సంగతి గుర్తుంచుకోవాలి. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. స్నేహితుడు ముచ్చటపడ్డాడని అతనికి అమ్మినా, అతని కోసం, కొనేటప్పుడు డీలరు దగ్గర నింపే ఫారం 4473 మీద మీరు సంతకం పెట్టి కొన్నా, అది స్నేహం కాదు, నేరం. ఒకే డీలరు దగ్గర వరసగా ఐదు పనిదినాల్లో రెండు అంతకుమించి పిస్టళ్ళు, రివాల్వర్లు కొంటే, ఆ డీలరు తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కు నివేదిక పంపాలి. మీ పేరు మీద అలాంటి కాగితం వెళ్ళిందంటే, చట్టరీత్యా తప్పేమీ లేకపోయినా, అలవాటు ఎంతవరకు వచ్చిందో దాన్నిబట్టి మీరే తెలుసుకోవచ్చు.

ఇంట్లో దాపరికం ఉంటే పై నియమాలేవీ నిలబడవు. కారు డిక్కీలో రెండు రోజులు దాచి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు సేఫులోకి చేర్చిన రోజు నాకూ ఉంది. పద్దు పుస్తకాన్ని భార్యకో భర్తకో చూపించి, నెలకు ఇంతకు మించి వద్దని ఇద్దరూ కలిసి ఒక మొత్తం అనుకోండి. క్రెడిట్ కార్డు అప్పు పెరుగుతున్నా ఆగలేకపోతుంటే కౌన్సెలరును కలవడం అవసరం, కొనుగోలు వ్యసనానికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చే చికిత్స) సాయపడుతుంది. కౌన్సెలింగుకు వెళ్తే తుపాకులు లాక్కుంటారన్న భయంతో చాలామంది వెనకాడతారు. స్వచ్ఛందంగా కౌన్సెలింగు తీసుకున్నంత మాత్రాన ఫెడరల్ చట్టం ప్రకారం ఆ హక్కు పోదు. అప్పుల వల్లో మరే కారణం వల్లో ప్రాణం మీద విరక్తి కలిగితే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవారికి సాయపడే 988 నంబరుకు ఫోను చేయండి, తుపాకులను ఇంటి నుంచి బయటికి పంపే ఏర్పాటు చేయండి. కొన్ని రాష్ట్రాల్లో తాత్కాలికంగా మరొకరికి అప్పగించడం మీద కూడా నియమాలుంటాయి కాబట్టి, భద్రపరిచే సదుపాయం ఉన్న డీలరునో పోలీసు స్టేషన్‌నో ముందు అడగండి.

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకసారి జారతారు. నేను పద్నాలుగు నెలలు ఆగి, ఒక పాత లివర్ యాక్షన్ రైఫిల్ (కింది మీటతో తూటా ఎక్కించేది) దగ్గర జారాను. అప్పుడు చేయకూడని పని ఒక్కటే, తప్పు దిద్దుకుంటున్నామనే పేరుతో దాన్ని వెంటనే అమ్మేసి మరోటి చూడటం. ఆ రాత్రే పద్దు పుస్తకంలో కొత్త పేజీ తీసి అన్నీ రాయండి, ఇంట్లో చెప్పండి, దానితో ఐదు వందల రౌండ్లు పూర్తయ్యేదాకా అమ్మకూడదని పేజీ పైన రాసుకోండి. నా లివర్ యాక్షన్ పేజీలో ప్రస్తుతానికి లెక్క రెండు వందల నలభై దగ్గర ఉంది.